చందా చెల్లించి పొందే వ్యవసాయ సలహాకు తగిన ప్రతిఫలం ఉందా? నిజామాబాద్ - బోధన్ ప్రాంత పంటల ఆధారంగా ఒక నిర్ణయ పద్ధతి

వాతావరణ సూచన, తెగుళ్ళ హెచ్చరిక, మార్కెట్ ధర, ఉపగ్రహ చిత్రాల ద్వారా పొలం పరిశీలన వంటి సేవలను మొబైల్ యాప్‌ల ద్వారా అందిస్తూ, అందుకు రైతుల నుంచి నెలవారీగానో, పంటవారీగానో, సంవత్సరానికోసారో చందా వసూలు చేసే సంస్థలు నేడు అనేకం ఉన్నాయి. ఈ చందా కట్టవచ్చా అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సమాధానం సాధారణంగా రెండు విధాలుగా ఉంటుంది. కొత్త సాంకేతికత కాబట్టి మంచిదేనని కొందరు అంటారు. ఉచితంగా దొరికే దానికి సొమ్ము ఎందుకని మరికొందరు అంటారు. ఈ రెండు సమాధానాలలోను రైతు పండించే పంట ఏమిటి, ఆ సమాచారం అందిన తరువాత అతడు మార్చగలిగిన నిర్ణయం ఏమిటి అన్న విచారణ లేదు. ఒకే జిల్లాలో, ఒకే చందాకు, ఒక పంట విషయంలో తగిన ప్రతిఫలం ఉండి మరొక పంట విషయంలో ఏమాత్రం ఉండకపోవచ్చు. చెరకు, పసుపు, వరి పక్కపక్కనే సాగయ్యే నిజామాబాద్ - బోధన్ ప్రాంతం ఈ విషయాన్ని వివరించడానికి అనువైన ఉదాహరణ.

చందా కొత్తది, సలహాకు ఖర్చు పాతది

సలహాకు రైతు సొమ్ము చెల్లించడం కొత్త సంగతి అనిపించవచ్చు. బోధన్ ప్రాంత చరిత్రను పరిశీలిస్తే అది నిజం కాదని తెలుస్తుంది. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతానికి నిలకడైన సాగునీటిని ఇచ్చింది. ఆ నీటి ఆధారంగానే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. చెరకు ప్రాంతాలలో చక్కెర మిల్లు రైతు నుంచి పంట కొనడంతో ఆగదు. విత్తన చెరకు, ఎరువు, సస్యరక్షణ సలహా సమకూర్చి, వాటిలో కొన్నింటి ఖర్చును చెరకు బిల్లులో మినహాయించుకోవడం ఆనవాయితీ. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం కూడా చెరకు అభివృద్ధి మండళ్ళకు అవకాశం కల్పించింది. అంటే సలహాకు ఖర్చు అప్పుడూ ఉన్నది. అది చందా రూపంలో కనబడక, పంట కొనుగోలు వ్యవస్థలో కలిసిపోయి ఉన్నది.

ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మారి, 2015 డిసెంబరులో మూతపడింది. సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం అంతకు ముందే నిలిచిపోయింది. మిల్లు ఆగినప్పుడు కొనుగోలుదారుతో పాటు సలహాదారు కూడా దూరమయ్యాడు. మిల్లు సలహాకు ఒక ప్రత్యేక లక్షణం ఉండేది. రైతు దిగుబడి పెరిగితే మిల్లుకు గానుగాడించే చెరకు పెరుగుతుంది కాబట్టి సలహా ఇచ్చేవారి ప్రయోజనం, తీసుకునేవారి ప్రయోజనం చాలావరకు ఒకే దారిలో ఉండేవి. నేటి చందా సేవలను అంచనా వేసేటప్పుడు ఈ అంశాన్ని గుర్తుంచుకోవాలి.

సమాచారానికి విలువ ఎక్కడ నుంచి వస్తుంది?

ఆర్థికశాస్త్ర దృష్టిలో సమాచారానికి స్వతఃసిద్ధమైన విలువ లేదు. ఒక సమాచారం అందకపోతే రైతు ఏ నిర్ణయం తీసుకునేవాడో, అందిన తరువాత ఏ నిర్ణయం తీసుకున్నాడో, ఆ రెండింటి ఫలితాల మధ్య తేడాయే ఆ సమాచారం విలువ. నిర్ణయం మారకపోతే సమాచారం ఎంత కచ్చితమైనదైనా దాని ఆర్థిక విలువ సున్నా.

దీని నుంచి మూడు షరతులు వస్తాయి. మొదటిది, సమాచారం నిర్ణయానికి ముందే అందాలి. విత్తిన తరువాత అందిన విత్తన సలహా ఆ పంటకు పనికిరాదు. రెండవది, నిర్ణయాన్ని మార్చుకునే స్వేచ్ఛ, స్తోమత రైతుకు ఉండాలి. నీటి వంతు, కూలీల లభ్యత, అప్పు, కొనుగోలుదారు నిబంధనలు ఆ స్వేచ్ఛను పరిమితం చేస్తాయి. మూడవది, అదే సమాచారం ఉచితంగా, అదే సమయానికి మరొక చోట లభించకూడదు. లభిస్తే చందా విలువను ఉచిత సేవ కంటే అదనంగా అందిన ప్రయోజనానికి మాత్రమే పరిమితం చేసి లెక్కించాలి.

క్షేత్ర పరిశోధనలు తెలిపిన విషయాలు

చందా సేవ ఫలితాన్ని కచ్చితమైన పద్ధతిలో పరీక్షించిన తొలి అధ్యయనాలలో ఒకటి మహారాష్ట్రలో జరిగింది. రాయిటర్స్ మార్కెట్ లైట్ అనే సేవ 2007లో అక్కడ ప్రారంభమై ధరలు, వాతావరణం, పంట సలహాలను సంక్షిప్త సందేశాలుగా చందాదారులకు పంపేది. ఫాఫ్‌షాం, మింటెన్ అనే ఆర్థికవేత్తలు 100 గ్రామాలను ఎంచుకుని, యాదృచ్ఛికంగా ఎంపికైన గ్రామాల రైతులకు ఒక ఏడాది చందాను ఉచితంగా ఇచ్చి ఫలితాలను 2012లో ప్రచురించారు. తమ నిర్ణయాలలో ఈ సందేశాలను ఉపయోగించుకున్నామని రైతులు చెప్పారు. పంటను గ్రేడింగ్ చేయడంలోను, అమ్మే మార్కెట్ ఎంపికలోను స్వల్ప మార్పు కనిపించింది. అయితే రైతుకు దక్కిన ధరలో గాని, పంట విలువలో గాని, వర్షం వల్ల కలిగే నష్టంలో గాని గణాంకపరంగా గుర్తించదగిన సగటు తేడా కనబడలేదు. ‘ఉపయోగపడింది’ అని రైతు చెప్పడం, ఆదాయం పెరగడం రెండూ ఒకటి కావని ఈ అధ్యయనం తెలుపుతుంది.

గుజరాత్‌లో పత్తి రైతులకు ఫోను ద్వారా స్వర రూపంలో సలహాలు అందించిన సేవపై కోల్, ఫెర్నాండో జరిపిన రెండేళ్ళ అధ్యయనం మరొక కోణాన్ని చూపింది. రైతులు ఆ సేవను నమ్మారు. సిఫారసు చేసిన ఉత్పాదకాలను వాడారు. కాని దిగుబడిలోను, లాభంలోను స్థిరమైన పెరుగుదలకు ఆధారం లభించలేదు. సేవకు రైతులు చెల్లించడానికి సిద్ధపడిన సగటు మొత్తం ఆ అధ్యయన స్థాయిలో సేవను నడిపేందుకు అయిన ఖర్చు కంటే తక్కువగా ఉన్నది. సేవ విస్తృతమై తలసరి ఖర్చు తగ్గితే ఆ మొత్తం సరిపోవచ్చునని పరిశోధకులు భావించారు.

అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఫాబ్రెగాస్, క్రెమర్, షిల్‌బాఖ్ 2019లో సగటు ఫలితాన్ని తెలిపారు. ఆఫ్రికా, భారతదేశాలలో మొబైల్ ద్వారా అందిన వ్యవసాయ సమాచారం దిగుబడిని సుమారు 4 శాతం పెంచింది. ఇది చిన్న పెరుగుదలే. అయితే సందేశం పంపడానికి అయ్యే ఖర్చు కూడా చాలా తక్కువ కాబట్టి ఇది విస్మరించదగినది కాదు.

నిర్ణయం మారినప్పుడు ఏమి జరుగుతుందో చూపే ఉదాహరణ తెలంగాణలోనే ఉన్నది. రుతుపవనాల రాకను చాలా ముందుగా తెలిపే సూచనను 2022 ఖరీఫ్‌కు ముందు రైతులకు అందించి, 250 గ్రామాలలో బర్లిగ్ బృందం పరిశోధన జరిపింది. తాము అనుకున్న దానికంటే రుతుపవనం ఆలస్యమవుతుందని తెలుసుకున్న రైతులు సాగు విస్తీర్ణాన్ని గణనీయంగా తగ్గించుకున్నారు. అనుకూల సూచన అందినవారు పెట్టుబడి పెంచి వాణిజ్య పంటలవైపు మొగ్గారు. విత్తనం, ఎరువు కొనకముందే, అంటే నిర్ణయం ఇంకా చేతిలో ఉండగానే సూచన అందడం ఇందుకు కారణం.

కేరళ సముద్రతీరంలో 1997 - 2001 మధ్య మొబైల్ ఫోన్లు రావడంతో మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగిందని జెన్సెన్ 2007లో చూపారు. పడవ ఇంకా సముద్రంలో ఉండగానే ఏ రేవుకు వెళ్ళాలో మార్చుకునే వీలు వారికి ఉన్నది. చేపను నిల్వ చేయలేరు కాబట్టి ఆ నిర్ణయం విలువ కూడా ఎక్కువ. మహారాష్ట్ర రైతులకు ధర తెలిసినా మార్కెట్‌ను మార్చుకునే అవకాశం అంతగా లేకపోవడాన్ని దీనితో పోల్చి చూడవచ్చు.

చెరకు: ధర సమాచారానికి విలువ లేదు, దిగుబడి సలహాకు ఉన్నది

చెరకు ధరను కేంద్ర ప్రభుత్వం ప్రతి సీజనుకు న్యాయమైన, లాభదాయక ధరగా ప్రకటిస్తుంది. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీపై క్వింటాకు రూ. 355, అంటే టన్నుకు రూ. 3,550 నిర్ణయించారు. ఏ గ్రామం చెరకు ఏ మిల్లుకు చేరాలో కేటాయింపు ఉంటుంది. ధర ముందే తెలుసు, కొనుగోలుదారును మార్చే స్వేచ్ఛ తక్కువ. అందువల్ల చెరకు రైతుకు ‘రోజువారీ మార్కెట్ ధర’ పేరుతో అమ్మే సేవ వృథా.

రికవరీ విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. 10.25 శాతానికి మించిన ప్రతి 0.1 శాతానికి క్వింటాకు రూ. 3.46 అదనంగా చెల్లించాలని 2025-26 ధరల నిర్ణయంలో ఉన్నది. అయితే ఈ లెక్క మిల్లు మొత్తానికి వచ్చిన సగటు రికవరీ ఆధారంగా ఉంటుంది. ఒక రైతు తన చెరకులో చక్కెర శాతాన్ని పెంచుకున్నా ఆ ప్రయోజనం మిల్లు పరిధిలోని అందరికీ పంచుకుపోతుంది. కోత ఎప్పుడు జరగాలన్నది కూడా చాలావరకు మిల్లు ఇచ్చే కోత పర్మిట్‌పై ఆధారపడుతుంది. పక్వత సూచిస్తామనే ఉపగ్రహ సేవ మిల్లుకు ఉపయోగకరమే. దాని చందా మిల్లు చెల్లించడం సమంజసం, ఒంటరి రైతు చెల్లించడం కాదు.

రైతు చేతిలో ఉన్నది టన్నుల దిగుబడి. పీక పురుగు, కాటుక తెగులు, ఎర్ర కుళ్ళు తెగులును తొలి దశలో గుర్తించడం, నీటి తడుల మధ్య వ్యవధి, కార్శి తోట యాజమాన్యం వంటి అంశాలలో సలహా నిర్ణయాన్ని మార్చగలదు. కాని ఎర్ర కుళ్ళు వంటి తెగులుకు ప్రధాన పరిష్కారం ఆరోగ్యకరమైన ముచ్చెలు, తట్టుకునే రకం ఎంపిక. ఇవి నాటే ముందు తీసుకోవలసిన నిర్ణయాలు. పంట మధ్యలో వచ్చే సందేశం వీటిని మార్చలేదు. వీటికి రుద్రూర్‌లోని ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం సిఫారసులే ప్రథమ ఆధారం.

పసుపు: ధర తెలియడం వేరు, వేచి ఉండగలగడం వేరు

పసుపు పరిస్థితి దీనికి భిన్నం. ధర రోజురోజుకు మారుతుంది. ఎండబెట్టిన కొమ్ములను నిల్వ చేయవచ్చు. మద్దతు ధర లేదు. ధరల ఒడుదొడుకుల తీవ్రత ఎంతటిదో 2019 లోక్‌సభ ఎన్నికలే తెలిపాయి. పసుపు బోర్డు, పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరుతూ రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో నిజామాబాద్ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉన్నది.

ఇటువంటి పంటలో ధర సమాచారానికి ఎక్కువ విలువ ఉండాలి. అయితే ఇక్కడ రెండు విషయాలను వేరు చేయాలి. ఈ రోజు ధర ఎంత అన్నది ఒక సమాచారం. రెండు వారాల తరువాత ధర ఎంత ఉంటుంది అన్నది అంచనా. మొదటిది ఉచితంగానే లభిస్తుంది. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ ప్రారంభమైనప్పుడు వాటిలో నిజామాబాద్ ఒకటి. ఆ మార్కెట్ ధరలు అందరికీ అందుబాటులో ఉంటాయి. చందా కోరే సంస్థ అమ్మదలచినది రెండవదైతే, గత రెండు మూడేళ్ళలో వారి అంచనాలు ఎన్నిసార్లు నిజమయ్యాయో లిఖితపూర్వకంగా చూపమని కోరాలి.

అంచనా సరైనదే అనుకున్నా, వేచి ఉండడానికి ఖర్చు ఉన్నది. ఒక రైతు వద్ద 20 క్వింటాళ్ళ ఎండు పసుపు ఉన్నదని, ధర క్వింటాకు రూ. 12,000 అని లెక్క కోసం అనుకుందాం. మొత్తం విలువ రూ. 2,40,000. పదిహేను రోజులు ఆగితే, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ చొప్పున రూ. 2,400 భారం పడుతుంది. తేమ ఆరి బరువు 1 శాతం తగ్గితే మరో రూ. 2,400 పోతుంది. చందా రూ. 1,200 అనుకుంటే మొత్తం రూ. 6,000. అంటే క్వింటాకు రూ. 300 పెరిగితే తప్ప వేచి ఉన్నందుకు నష్టమే. పెట్టుబడికి అప్పు ఇచ్చిన అడ్తిదారుకే పంట అమ్మవలసిన రైతుకు వేచి ఉండే స్వేచ్ఛే లేదు. అతడికి కావలసింది ధర సందేశం కన్నా ముందు గోదాము రసీదుపై రుణం.

పసుపులో చందాకు విలువ ఉండగల మరో రెండు సందర్భాలున్నాయి. దుంప కుళ్ళు తెగులు సోకే వర్షాకాలంలో మురుగు నీరు తీయడంపై, మందు పోయడంపై సకాల సలహా ఒకటి. ఉడకబెట్టిన పసుపు కళ్ళంలో ఆరుతున్న రోజులలో వర్ష సూచన మరొకటి. రెండింటిలోను రైతు వెంటనే చేయగల పని ఉన్నది.

వరి: ధర నిశ్చితం, వర్షం అనిశ్చితం

వరికి మద్దతు ధర ఉన్నది. 2025-26లో సాధారణ రకానికి క్వింటాకు రూ. 2,369, ఎ గ్రేడుకు రూ. 2,389. కొనుగోలు కేంద్రంలో అమ్మే రైతుకు ధర సందేశం వల్ల ప్రయోజనం లేదు. అతడి ఆందోళన ధాన్యం తేమ 17 శాతానికి దిగేలోగా వర్షం వస్తుందా అన్నది. యాసంగి కోతల కాలంలో అకాల వర్షాలకు కేంద్రాల వద్ద ధాన్యం తడవడం రైతులకు తెలియని విషయం కాదు. కోత యంత్రాన్ని రెండు రోజులు ముందుకు జరపడం, ధాన్యాన్ని కుప్పచేసి టార్పాలిన్ కప్పడం వంటి నిర్ణయాలు సూచన అందితే మారతాయి. ఇక్కడ వాతావరణ సమాచారానికి నిజమైన విలువ ఉన్నది. సుడిదోమ, మెడ విరుపు తెగులు హెచ్చరికలకు కూడా ఇదే వర్తిస్తుంది. అయితే వాటిలో అనవసరపు పిచికారీని నివారించిన సందేశం, పిచికారీ చేయించిన సందేశం కంటే తక్కువ విలువైనది కాదు.

ఉచితంగా లభించేవి

చందా విలువను లెక్కించే ముందు ఉచిత సేవల జాబితా రైతు ముందు ఉండాలి. భారత వాతావరణ శాఖ గ్రామీణ కృషి మౌసం సేవ ద్వారా మంగళ, శుక్రవారాలలో వ్యవసాయ వాతావరణ సలహాలు వెలువడతాయి. మేఘదూత్ యాప్‌లో అవి తెలుగులోనూ లభిస్తాయి. కిసాన్ కాల్ సెంటరు 2004 జనవరి నుంచి 1800-180-1551 నంబరుపై పనిచేస్తున్నది. చీడపీడల ఫొటో ఆధారంగా సలహా ఇచ్చే జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ యాప్ 2024 ఆగస్టు 15న ప్రారంభమైంది. సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చొప్పున రాష్ట్రంలో క్లస్టర్లు, వాటికి రైతు వేదికలు ఉన్నాయి.

ఉచిత సేవలు శాశ్వతమన్న హామీ కూడా లేదు. దేశంలో కృషి విజ్ఞాన కేంద్రాలలో నెలకొల్పిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు 199 ఉండగా, 2024లో వాటిని నిలిపివేశారు. ఉచిత సేవ సన్నగిల్లిన చోట చందా సేవ విలువ పెరుగుతుంది. కాబట్టి ఈ పోలికను ఒకసారి చేసి వదలకుండా ప్రతి పంట కాలానికి తిరిగి చేయాలి.

లెక్క కట్టే విధానం

సూత్రం సరళమైనది. ఉచిత సేవ వల్ల తెలియనిది చందా వల్ల తెలిసి నిర్ణయం మారే అవకాశాన్ని, మారినప్పుడు ఎకరాకు కలిగే నికర లాభంతోను, సాగు విస్తీర్ణంతోను గుణించాలి. వచ్చిన మొత్తం చందా కంటే ఎక్కువైతేనే చెల్లించాలి. ఆచరణలో అవకాశాన్ని ముందే అంచనా వేయడం కష్టం. అందువల్ల లెక్కను తిరగవేసి, చందా గిట్టుబాటు కావాలంటే ఎన్ని పంట కాలాలకు ఒకసారి ఉపయోగపడాలి అని అడగడం సులభం.

ఏడాదికి రూ. 1,200, అంటే పంట కాలానికి రూ. 600 చందా అని ఊహిద్దాం. మూడెకరాల వరి రైతుకు ఎకరాకు 24 క్వింటాళ్ళ చొప్పున 72 క్వింటాళ్ళ ధాన్యం వస్తుంది. ఒక అకాల వర్షం వల్ల అందులో 5 శాతం నష్టం, అంటే 3.6 క్వింటాళ్ళు, మద్దతు ధర ప్రకారం సుమారు రూ. 8,500. ఉచిత సూచన చెప్పలేని వర్షాన్ని చందా సేవ 14 పంట కాలాలలో ఒక్కసారి చెప్పగలిగినా సొమ్ము తిరిగి వస్తుంది. ఎకరం మాత్రమే ఉన్న కౌలు రైతుకు నష్టం సుమారు రూ. 2,840. అతడికి అది ప్రతి నాలుగు పంట కాలాలలో ఒకసారైనా ఉపయోగపడాలి. చందా అందరికీ ఒకటే, విస్తీర్ణం వేరు. చిన్న రైతుపై భారం ఎక్కువ కావడానికి కారణం ఇదే.

చెరకులో ఎకరాకు 35 టన్నుల దిగుబడిపై 4 శాతం పెరుగుదల 1.4 టన్నులు, విలువ రూ. 4,970. కోత, రవాణా ఖర్చు టన్నుకు రూ. 1,000 అనుకుంటే మిగిలేది రూ. 3,570. ఎకరం రైతుకు ఏడాది చందా రూ. 1,200 గిట్టాలంటే ఆ పెరుగుదలలో మూడో వంతుకు పైగా చందా సేవ వల్లనే, ఉచిత సలహాకు అదనంగా రావాలి. మూడెకరాల రైతుకు సుమారు తొమ్మిదో వంతు చాలు. 4 శాతం అన్నది అనేక పంటల, ప్రాంతాల సగటు అని, ఏ ఒక్క రైతుకూ అది హామీ కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

సమాచారం పంచుకుంటే తరగదు. ఇరవై మంది రైతులు కలిసి, రైతు ఉత్పత్తిదారుల సంఘం లేదా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం పేరిట చందా తీసుకుంటే తలా రూ. 60 పడుతుంది. సంస్థ నిబంధనలు ఇందుకు అనుమతిస్తాయో లేదో ముందుగా తెలుసుకోవాలి. పొలం వారీ ఉపగ్రహ చిత్రం వంటి సేవలను ఇలా పంచుకోలేరు. వర్ష సూచన, తెగుళ్ళ హెచ్చరిక వంటివి గ్రామమంతటికీ సరిపోతాయి.

చందాకు ముందు రైతు అడగవలసిన ప్రశ్నలు

1. ఈ సందేశం అందితే నేను మార్చగల పని ఏది? ఒక్కటైనా చెప్పలేకపోతే చందా అనవసరం.

2. ఇదే విషయం ఉచితంగా ఎక్కడ, ఎంత ముందుగా దొరుకుతున్నది?

3. సూచన ఎంత పరిధికి వర్తిస్తుంది? జిల్లా స్థాయి సూచననే గ్రామ సూచన పేరుతో అమ్ముతున్నారా?

4. సలహా ఇచ్చే సంస్థ మందులు, ఎరువులు కూడా అమ్ముతున్నదా? అమ్ముతుంటే ఆ సిఫారసును విశ్వవిద్యాలయ సిఫారసుతో సరిచూసుకోవాలి. చందా లేని ‘ఉచిత’ యాప్‌కు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. రుసుము చందాగా కాక, అనవసరపు పిచికారీ రూపంలో వసూలు కావచ్చు.

5. సలహా తెలుగులో, స్వర రూపంలో అందుతుందా? ఫోనును ఇంట్లో ఎవరు వాడతారు, పొలం పని ఎవరు చేస్తారు?

6. చందా గడువు తీరాక దానంతటదే తిరిగి కోతపడుతుందా? రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇటువంటి పునరావృత చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు వినియోగదారునికి సమాచారం అందాలి. అనుమతిని రద్దు చేసుకునే వీలూ ఉండాలి. రద్దు చేసే విధానాన్ని సొమ్ము కట్టే రోజే నేర్చుకోవాలి.

7. ఏడాది చందాకు బదులు ఒక పంట కాలానికి, ముఖ్యంగా నష్టభయం ఎక్కువగా ఉన్న రెండు నెలలకు మాత్రమే తీసుకునే వీలున్నదా?

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

రైతు జ్ఞాపకశక్తిపై ఆధారపడి సేవ విలువను నిర్ధారించడం సరికాదు. నిజమైన ఒక హెచ్చరిక గుర్తుంటుంది, తప్పిన పది మరుగున పడతాయి. అందుకు ‘నిర్ణయాల పుస్తకం’ అనే సాధారణ నోటు పుస్తకం చాలు. అందులో ఆరు గడులు ఉండాలి: తేదీ, అందిన సందేశం, అదే రోజు ఉచిత సేవ చెప్పినది, సందేశం లేకపోతే రైతు చేసి ఉండే పని, నిజంగా చేసిన పని, ఫలితం. మూడవ, నాలుగవ గడులను ఫలితం తెలియకముందే నింపడం తప్పనిసరి. పంట కాలం ముగిశాక నిర్ణయం మారిన వరుసలను మాత్రమే లెక్కించాలి. రుద్రూర్, వర్ని, కోటగిరి, బోధన్ మండలాలలో కొద్దిమంది రైతులతోనే ఒక్క సీజనులో ఇది సాధ్యం.

దీనిని పరిశోధనగా విస్తరించదలచిన విద్యార్థులు రైతులను కాక గ్రామాలను యూనిట్‌గా తీసుకుని, లాటరీ పద్ధతిలో చందా గ్రామాలు, ఉచిత సేవ గ్రామాలుగా విభజించాలి. ఒకే గ్రామంలో ఇద్దరు రైతులను విడదీస్తే సందేశం సాయంత్రానికల్లా రెండవవారికీ చేరుతుంది, తేడా కనబడదు. ఉచిత సేవ గ్రామాలకు మేఘదూత్, కిసాన్ కాల్ సెంటరు వాడకంపై శిక్షణ ఇవ్వడం కూడా అవసరం. లేకుంటే చందా సేవను ఏమీ లేని స్థితితో పోల్చినట్లవుతుంది, రైతు ఎదుట ఉన్న అసలు ఎంపిక అది కాదు. ఫలితాలను చెరకు, పసుపు, వరికి విడివిడిగా, సొంత భూమి రైతులకు, కౌలు రైతులకు విడివిడిగా నివేదించాలి. మొత్తం సగటు ఈ తేడాలను కప్పివేస్తుంది. తేడా కనబడకపోతే ఆ ఫలితాన్నీ ప్రచురించాలి. మహారాష్ట్ర అధ్యయనం నేటికీ ఉపయోగపడుతున్నది అందుకే.

ముగింపు

బోధన్ మిల్లు నడిచిన కాలంలో సలహా ఖర్చు రైతుకు విడిగా కనబడలేదు, దానిని ప్రశ్నించే అవసరమూ రాలేదు. నేడు ఆ ఖర్చు ఫోను తెరపై అంకెగా కనబడుతున్నది. కనబడే ఖర్చును తూకం వేయవచ్చు. చెరకు రైతు ధర సందేశానికి, పసుపు రైతు ఈ రోజు ధరకు, వరి రైతు మద్దతు ధర సమాచారానికి రూపాయి కూడా చెల్లించనవసరం లేదు. కళ్ళంలో పంట ఆరుతున్నప్పుడు నమ్మదగిన వర్ష సూచన ఉచిత సేవకు మించి లభిస్తే, పదిమంది కలిసి చెల్లించడం లాభదాయకం కావచ్చు. చందా కట్టవచ్చా అని అడిగిన రైతును విస్తరణ శాస్త్రవేత్త ముందుగా తిరిగి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ సందేశం వస్తే మీరు ఏ పని మార్చుకుంటారు? సమాధానం దొరికిన చోట లెక్క వేయాలి. దొరకని చోట ఆ సొమ్ము విత్తనానికో, టార్పాలిన్‌కో వినియోగించడం మేలు.